నలభై అయిదు నిమిషాల జర్మన్

ఇరవై ఎనిమిదేళ్లుగా నా ఉద్యోగం వెనక బెంచీలో కూర్చోవడం. జర్మన్, ఫ్రెంచి, స్పానిష్ చెప్పబోయే టీచర్లకు శిక్షణ ఇస్తాను. వాళ్లు పాఠం చెబుతుంటే పిల్లల వెనక చేరి, ఒళ్లో ఫారం పెట్టుకుని, కిమ్మనకుండా రాసుకోవాలి. పిల్లల కొలతకు చేసిన బెంచీలు కావడంతో మోకాళ్లు డెస్కుకి కొట్టుకుంటాయి. రిటైర్మెంటుకి ఇంకా నాలుగు నెలలుంది. నా నడుము మాత్రం ఎప్పుడో రిటైరైపోయింది. "ఇంట్లో కూడా నన్ను వెనక బెంచీలోంచే చూస్తావు, మార్కులెన్నో మాత్రం చెప్పవు" అని మా ఆయన ఏడిపిస్తుంటారు.

ఆ ఫారం నేను తయారు చేసిందే. ఒంట్లో ఓపిక, బుర్రలో పట్టుదల ఉన్న రోజుల్లో కూర్చుని ఒక్కో గడీ గీశాను. అందులో ఒక గడి పేరు చెబితే మా దగ్గర నేర్చుకునేవాళ్లకు నిద్ర పట్టదు. క్లాసులో నలభై అయిదు నిమిషాలూ నేర్పే భాషే వినపడాలి. టీచరు సొంతభాషలో నోరు విప్పిన ప్రతిసారీ ఒక గీత. అయిదు గీతలు దాటితే ఫెయిలు. పాఠం మధ్యలో ఆగిపోయినా ఫెయిలే. అప్పట్లో దీన్ని అందరూ తెగ మెచ్చుకున్నారు. నేనూ పొంగిపోయాను.

ఆ రోజు పరీక్ష చీటీలమ్మాయిది. అమ్మాయి అంటున్నాను గానీ ముప్పై ఆరేళ్లుంటాయి. పదేళ్లు మందుల షాపు కౌంటరు వెనక నిలబడి, ఖాళీ దొరికినప్పుడల్లా జర్మన్ నేర్చుకుని, టీచరు కావాలని మా దగ్గరికి వచ్చింది. ఎప్పుడు చూసినా సంచీ నిండా తను వేసిన బొమ్మల చీటీలుంటాయి, అందుకే ఆ పేరు. రెండుసార్లు పరీక్ష తప్పింది. రెండుసార్లూ తప్పించింది నేనే. మొదటిసారి పదకొండు గీతలు, రెండోసారి ఏడు. ఏ పిల్లాడైనా బిక్కమొహం వేస్తే చాలు, ఆమె మనసు కరిగి సొంతభాషలోకి దిగిపోతుంది. ఇది మూడోసారి. ఇప్పుడు కూడా తప్పితే జన్మలో మళ్లీ పరీక్ష రాయనివ్వరు. "మా అత్తగారు రోజూ పొద్దున్నే అడుగుతున్నారు మేడం, ఇంకెన్ని పరీక్షలే నీకు అని" అంది లోపలికి వెళ్లేముందు. నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు.

నా పక్కన రెండో పరీక్షకుడు కూర్చున్నాడు. ఫ్రెంచి టీచర్లకు శిక్షణ ఇస్తాడు. నిమిషం తేడా వస్తే ప్రాణం పోయినట్టు చూస్తాడు కాబట్టి చాటుగా అందరం గడియారం గారంటాం.

పాఠం పేరు 'డాక్టరు దగ్గర'. పన్నెండేళ్ల పిల్లలు. చీటీలమ్మాయి తలనొప్పి బొమ్మ, జ్వరం బొమ్మ, విరిగిన చెయ్యి బొమ్మ ఎత్తి చూపిస్తుంటే పిల్లలు పోటీపడి చేతులెత్తి జర్మన్‌లో రోగాలు చెబుతున్నారు. ఇరవై నిమిషాలు గడిచాయి, ఒక్క గీత లేదు. నాకే ఆశ్చర్యం వేసింది. గడియారం గారు కూడా మెచ్చుకోలుగా తలాడించాడు.

కిటికీ పక్కన కూర్చున్న పాప చెయ్యెత్తి, తనకు ఒంట్లో బాగోలేదని జర్మన్‌లో చెప్పింది. టీచరు భేష్ అంది, పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను ఉచ్చారణ గడిలో 'చక్కగా ఉంది' అని రాశాను. కాసేపటికి ఆ పాపే మళ్లీ చెయ్యెత్తి, ఒంట్లో బాగోలేదు, కడుపులో నొప్పిగా ఉంది అంది. మళ్లీ చప్పట్లు. 'సొంతంగా వాక్యం పెంచింది' అని రాశాను. మూడోసారి చెయ్యెత్తకుండానే అంది. 'గొంతు తగ్గింది' అని రాసుకున్నాను.

చీటీలమ్మాయి మాత్రం ఆగిపోయింది. చీటీలు బల్లమీద పడేసి పాప దగ్గరికి పరుగెత్తింది.

"ఏమ్మా? నిజంగానే బాగోలేదా తల్లీ?"

ఆ మాటలు సొంతభాషలో అంది. పాప తన నోట్సు మీదా, టీచరు బట్టల మీదా వాంతి చేసుకుంది. "పర్లేదు. పర్లేదమ్మా. ఏం కాదు, నేనున్నాగా. కిటికీ తియ్యండిరా ఎవరన్నా!" అంటూ ఆమె పాప తల పట్టుకుంది, వీపు నిమిరింది. క్లాసంతా నోళ్లు వెళ్లబెట్టి చూస్తోంది. నేను కనీసం లేచి నిలబడలేదు. పైపెచ్చు నా చేతిలో పెన్ను దాని పాటికది గీతలు గీస్తూనే ఉంది. ఈ మాట చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది, అయినా చెబుతున్నాను. మొత్తం తొమ్మిది గీతలు.

పాపని పడుకోబెట్టి ఆమె టీచర్ల గదికి వచ్చేసరికి బట్టలు కడుక్కున్న తడి ఇంకా ఆరలేదు.

"తొమ్మిది కదా మేడం?" అంది. "నేనూ లెక్కపెట్టుకున్నా. మళ్లీ నోరు జారాను."

"పిల్లని పట్టుకుని లెక్కపెట్టుకున్నావా?"

"అలవాటైపోయింది మేడం. మీరే కదా నేర్పించారు."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది, నేనూ ఏదో ఒకటి అనేదాన్ని. బయట కూర్చోమని పంపించాను.

గడియారం గారు తన వైపు సంతకం అప్పటికే పెట్టేశాడు. "తొమ్మిది గీతలు. పాఠం ఇరవై అయిదో నిమిషంలో ఆగింది. ఎటు చూసినా ఫెయిలే. నాకూ బాధగానే ఉందండీ, కానీ జాలికి గడి లేదు కదా. త్వరగా కానివ్వండి, మధ్యాహ్నం ఇంకో స్కూలుకి వెళ్లాలి."

నిజం చెప్పొద్దూ, నేనూ పెట్టేసేదాన్నే. కాళ్లు పీకుతున్నాయి. ఎవరితోనూ వాదించే ఓపిక లేదు. ఇన్నేళ్లలో ఎంతమందిని తప్పించలేదు, ఇంకొకర్ని తప్పిస్తే ఏమవుతుంది అనుకున్నాను. మంచినీళ్ల కోసం వరండాలోకి వచ్చాను. ఒంట్లో బాగోలేని పిల్లల్ని పడుకోబెట్టే గది తలుపు తీసి ఉంది. పాప గోడకి ఆనుకుని కూర్చుంది, ముఖం పాలిపోయి ఉంది.

"మీరు పరీక్ష పెట్టే మేడమేనా?" అంది.

"అవునమ్మా. తగ్గిందా?"

"తగ్గింది." కాసేపు దుప్పటి అంచు పీకుతూ కూర్చుని, "నేను తప్పు చెప్పానాండీ?" అని అడిగింది.

"లేదు. ఒక్క తప్పు కూడా లేదు."

"మరి మొదట చెప్పినప్పుడే ఎవరూ రాలేదేం?"

ఇరవై ఎనిమిదేళ్లుగా వేలమంది పిల్లలు చెప్పిన మాటలు విన్నాననుకున్నాను. నేను విన్నది వాక్యాల్ని. పాప తల నిమిరి, టీచర్ల గదికి తిరిగొచ్చి ఫారం ముందుకు లాక్కున్నాను.

ఫారం చివర పరీక్షకుల వ్యాఖ్యకి నాలుగు లైన్ల చోటుంది. ఎప్పుడూ ఒక లైను దాటి రాసి ఎరగను. గడియారం గారు నా భుజం మీంచి చదువుతూ, "మన తీర్పులు కలవకపోతే ఇది పైవాళ్ల దగ్గరికి వెళ్తుంది, మీ మెడకే చుట్టుకుంటుందండీ. ఈ ఫారమే తీసేస్తారేమో" అన్నాడు.

"తీసెయ్యనివ్వండి" అన్నాను. రాయడం ఆపలేదు.

'విద్యార్థిని తనకు ఒంట్లో బాగోలేదని జర్మన్‌లో మూడుసార్లు చెప్పింది. నేను మూడుసార్లూ ఆమె భాషకి మార్కులు వేశాను. ఈ అభ్యర్థి మూడోసారికి విన్నది. గదిలో ఉన్న ముగ్గురు పెద్దల్లో విన్నది ఈమె ఒక్కతే. పాస్.'