లేని వంతెనకు మూడు ఫలకాలు

కోర్టు మెట్లెక్కుతూ శిలాఫలకాలు చెక్కే మేస్త్రి మూడో మెట్టు మీదే ఆగిపోయాడు. చంకలో కాగితాల చుట్ట, పక్కన నర్సు ఉద్యోగం చేసే కూతురు.

"భయమేస్తోందా నాన్నా?"

"భయమేం లేదు. కాళ్ళే నా మాట వినడం లేదు."

ఎమ్మెల్యే తొలిసారి గెలిచినప్పుడు వీధి కుళాయికి ఫలకం చెక్కింది మేస్త్రే. ఆ కుళాయిలో నీళ్ళు వచ్చాయి కూడా. తర్వాత రాళ్ళు పెద్దవయ్యాయి, వాటి మీద ఎమ్మెల్యే పేరు ఇంకా పెద్దదయింది, పనులు మాత్రం మాయమయ్యాయి. నది మీద వంతెనకైతే మూడు ఫలకాలు: కట్టినట్టు ఒకటి, బాగుచేసినట్టు ఒకటి, వెడల్పు చేసినట్టు ఇంకొకటి. నదిలో ఒక్క స్తంభమూ లేదు. మూడుసార్ల నిధులూ ఎమ్మెల్యే మింగేశాడు.

విచారణ మొదలవగానే ఆయన మనుషులు మూడు రాళ్ళనూ పిండి చేశారు. నిన్న ఎమ్మెల్యే బావమరిది మేస్త్రి కొట్టు దగ్గరికి వచ్చి, "బాబాయ్, సాక్ష్యం చెప్పావో, మీ అమ్మాయి ఉద్యోగం ఊడిందనుకో" అని వెళ్ళాడు. ఆ మాట వినగానే కూతురే అటక మీది చుట్ట దించింది.

మేస్త్రి బోనెక్కగానే ఎమ్మెల్యే వకీలు నవ్వాడు. "రాళ్ళేవి పెద్దాయనా? గాలిలో చెక్కావా?"

"రాయి మీద తప్పు పడితే దిద్దలేం బాబూ. అందుకే ముందు కాగితం మీద రాసి, చూపించి, సంతకం పెట్టించుకుంటా. మీ ఎమ్మెల్యేగారు పెట్టినవే, తేదీలతో సహా."

మూడు కాగితాలూ బల్ల మీద పరుచుకున్నాయి.

జడ్జిగారు కళ్ళజోడు సర్దుకున్నారు. "కట్టని వంతెనను బాగుచేయించారా?"

"వెడల్పు కూడా చేయించారండీ!"

హాలంతా గొల్లున నవ్వింది.

నెల తిరిగేసరికి తీర్పు వచ్చింది: ఐదేళ్ళ జైలు. పదవి ఊడింది. ఇక కూతురి ఉద్యోగం జోలికి వచ్చేవాడు లేడు. జనం ఈలలు వేస్తుంటే మేస్త్రికి ఎగిరి గంతెయ్యాలనిపించింది. అంతలో వరండాలో ఎమ్మెల్యే తూలాడు. బావమరిది కనుచూపు మేరలో లేడు. కూతురే పరుగెత్తి ఆయన్ను బెంచీ మీద కూర్చోబెట్టి, నాడి పట్టుకుంది.

"నువ్వు... మేస్త్రి కూతురివి కదమ్మా?"

"అవునండీ. ముందు తల కిందికి వంచండి, మాట్లాడకండి. నాన్నా, నీళ్ళు!"

మేస్త్రి అప్పటికే గ్లాసు పట్టుకుని వస్తున్నాడు.