బ్యాటరీకి బొట్టు

తిరువూరు మెయిన్ బజారులో ఎరువుల కొట్టు రాంప్రసాద్‌కి నేలమీద వ్యాపారం విసుగొచ్చి, గాలి మీదకి మనసు మళ్లింది. మామిడి తోటల మీద ఎగిరి పూతా పిందే ఫొటోలు తీసే డ్రోన్లకి ఏజెన్సీ ఇస్తామని బెంగళూరు కంపెనీ ఒకటి పిలిచింది. పిలిచిన రోజు మధ్యాహ్నం అక్కడ తన డ్రోన్, తన బ్యాటరీలతో ఎగరేసి చూపిస్తే ఏజెన్సీ ఇతనిది. చూపించలేకపోతే విస్సన్నపేట హర్షవర్ధన్‌ది. ఇంతా చేసి, బ్యాటరీ లేని డ్రోనంటే కరెంటు పోయిన ఫ్యానే.

అదృష్టం పండి, మామిడి ఎగుమతుల వెంకటప్పయ్య గారి సొంత బుల్లి విమానం అదే పూట గన్నవరం నుంచి బెంగళూరు వెళ్తోంది. ఓ సీటు ఖాళీ. దాన్ని నడిపే కెప్టెన్ షైని ముందే ఫోన్ చేసింది.

"లిథియం బ్యాటరీలు సార్, జాగ్రత్త. చార్జింగు ముప్ఫై శాతం దాటొద్దు. ధ్రువాలకి టేపు, దేనికి దానికి విడి సంచి. తాళంచెవులూ గీళంచెవులూ ఏ లోహమూ తగలకూడదు. వెనక లగేజీలో వద్దు, నా కళ్లెదుటే ఉండాలి. పైన నిప్పంటుకుంటే దిగి పరిగెత్తడానికి రోడ్డుండదు."

"అప్పయితే తీర్చుకుంటాం, నిప్పయితే ఆర్చుకోలేం. అంతేగా కెప్టెన్ గారూ!" అన్నాడు రాంప్రసాద్. ప్రాస పడందే అతనికి పప్పన్నం అరగదు. చార్జింగు తగ్గించాడు, చార్జీ తగ్గిస్తారేమోనని అడిగి చూశాడు. ధ్రువాలకి టేపు వేసి, ధ్రువీకరణగా ఫొటో పంపాడు.

గన్నవరంలో, లోపలికి వెళ్లకముందే కార్ల దగ్గర సంచులు చూస్తానంది షైని. సాగనంపడానికొచ్చిన రాంప్రసాద్ తల్లి గోవిందమ్మ పక్కనే నిలబడింది. ఒక సంచి తడమగానే షైని చెయ్యి ఆగిపోయింది.

"ఇది వేడిగా ఉందేంటి సార్?"

విప్పితే టేపు లేదు. నిండుగా కుంకుమ బొట్టుంది. రెండు ధ్రువాలకీ అడ్డంగా పసుపు రాసిన రూపాయి బిళ్ల పడుకునుంది.

బోణీ బేరానికి వెళ్లే సరుకులో రూపాయి వెయ్యడం వాళ్లింట్లో తాతగారి బియ్యం బస్తాలనాటి ఆనవాయితీ. బియ్యం కనక ఊరుకుంది.

"అమ్మా!" అన్నాడు రాంప్రసాద్.

"ఏంట్రా అమ్మా? ముఖాన ప్లాస్టరు వేసుకుని శుభకార్యానికి వెళ్తారట్రా? పీకేసి బొట్టు పెట్టా. రూపాయుంటే సరుక్కి షార్టేజీ రాదమ్మాయ్!"

"షార్టేజీ రాదు అమ్మగారూ, షార్ట్ సర్క్యూట్ వస్తుంది" అంటూ షైని ఆ సంచిని దూరంగా ఖాళీ సిమెంటు నేలమీద పెట్టి అందర్నీ వెనక్కి తోసింది.

"మిగతావాటికి మళ్లీ టేపేస్తానండి" బతిమాలాడు రాంప్రసాద్.

షైని అవీ విప్పి చూసింది. "అన్నిట్లోనూ రూపాయిలున్నాయి సార్. ఏది తగిలిందో, ఏది తగల్లేదో రూపాయి చెప్పదు. ఒక్కటి కూడా ఎక్కించను. కావాలంటే మీరు రండి."

"నేనెళ్లి అక్కడ చేతులూపుతూ ఎగరనా?"

అంతలో సిమెంటు మీది బ్యాటరీ పూరీలా ఉబ్బి, బుస్సుమని పొగ కక్కింది. వెనకే మంట. ఫైరు సిబ్బంది పరుగున వచ్చి గొట్టం పట్టారు. అది తన కాళ్ల దగ్గర, మబ్బుల మధ్య జరిగుంటే? రాంప్రసాద్ ప్రాస మాట మర్చిపోయి, అమ్మ చెయ్యి పట్టుకుని ఇంకో నాలుగడుగులు వెనక్కి లాగాడు. విమానం ఎక్కకుండానే అవమానం మాత్రం ఎక్కి, కారు తిరువూరు వైపు తిప్పించాడు.

ఏజెన్సీ విస్సన్నపేటకి ఎగిరిపోయింది.

గోవిందమ్మ మాత్రం బజారంతా చెప్పుకుంటోంది. "నా రూపాయే లేకపోతే మావాడు ఆ మాయదారి బ్యాటరీలతో గాల్లోకి వెళ్లేవాడేగా! లక్ష్మీదేవి నేలమీదే ఆపేసింది." ప్రయాణాలున్నవాళ్లు ఎ.కొండూరు నుంచి కూడా వచ్చి ఆవిడ చేతి మీదుగా రూపాయి పట్టుకెళ్తున్నారు.

మిగిలిన టేపు చుట్ట రాంప్రసాద్ జేబులోనే ఉంది. అమ్మ ఆ కథ ఎత్తుకున్నప్పుడల్లా దాన్ని తీసి, ఆవిడకి ధ్రువాలెక్కడున్నాయా అని పరీక్షగా చూస్తున్నాడు.