పూవుకి ఆరు కేసరాలు

"మావయ్యా, పిండి పట్టింది. జల్దీ రా," అంది రీసెర్చి విద్యార్థిని శ్రీనిధి, మైక్రోస్కోపు నుంచి తల ఎత్తకుండానే.

ల్యాబు పిల్లలంతా మావయ్య అని పిలిచే అమ్మన్న, సీసాలు తోముతున్నవాడల్లా చేతులు తుడుచుకుని వచ్చి చూశాడు. పుప్పొడి సోకని వరి పూవు, పది రోజులుగా గాజు సీసాలో పెరిగినది. దాని లోపల, బియ్యానికి పిండినిచ్చే కణజాలం తెల్లగా నురగలా పరుచుకుంది. మొలకయ్యే పిండం మాత్రం లేదు. తండ్రి లేకుండానే గింజ సగం దూరం నడిచింది.

అమ్మన్న కోని క్యాంపస్ ల్యాబులో ముప్పై ఒక్క ఏళ్ళుగా అటెండరు. ఇవాళ ఆఖరి డ్యూటీ. లావు వేళ్ళు, పొట్టి గోళ్ళు. ఆ వేళ్ళే పూవు విచ్చకముందు పొట్టు కొన కత్తిరించి, లోపలి ఆరు కేసరాలనూ పట్టుకారుతో లాగేస్తాయి.

ల్యాబు నడిపే శాంతాదేవి మేడమ్ వచ్చి చూసి, నవ్వబోయి ఆగింది.

"ఒక్క కేసరం మిగిలినా పుప్పొడి రాలి ఉంటుంది. అప్పుడు రెండేళ్ళ పనీ వృథా."

శ్రీనిధి ముఖం వాడిపోయింది. అమ్మన్న అల్మరాలోంచి పాత రైల్వే రిజర్వేషన్ ఫారాలు కుట్టిన పుస్తకం తెచ్చాడు. ప్రతి పేజీలో సీసా నంబరు, దాని కింద టేపుతో అంటించిన ఆరు కేసరాలు.

"ఇవన్నీ ఎందుకు దాచావు?"

"మా నాన్న రైలింజన్ల షెడ్‌లో విప్పిన నట్లన్నీ గుడ్డ మీద పేర్చీవోడు మేడమ్. ఒకటి తగ్గితే ఇంజిను కదలనిచ్చీవోడు కాదు."

మేడమ్ పేజీలు తిప్పింది. ఆరు. ఆరు. నలభై ఒకటో పేజీలో ఐదే.

"ఇదేంటి అమ్మన్నా?"

"కింద సూడండి."

హిందీ బడిలో చదివిన అమ్మన్న చేతిరాత, హిందీ అక్షరాల్లో తెలుగు మాటలు: ఆరోది దొరకలేదు. పూవు పారేశాను.

మేడమ్ అరలన్నీ వెతికింది. నూట పన్నెండు పేజీలకు నూట పదకొండు సీసాలున్నాయి. నలభై ఒకటి లేదు.

"నిజమే. పుప్పొడి లేకుండానే పట్టింది," అంది, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ.

శ్రీనిధి చప్పట్లు కొట్టింది. పెళ్ళి గాజులు గలగలలాడాయి.

"పెళ్ళై నెల్లాళ్ళయింది, ఇంకా ఏటమ్మా ఈ మోత? పూలు విప్పీటప్పుడు తీసేయాల," అన్నాడు అమ్మన్న.

"నేనా విప్పేది?"

"మరెవులు?"

అయిదింటికి అతను టిఫిను డబ్బా తీసుకుని, రోజూలాగే తలుపు దగ్గరగా వేసి, ఇంటికి, తార్‌బహార్ వెళ్ళే ఆటో ఎక్కాడు.

"రేపు ఎనిమిదింటికి కొత్త పూలు మొదలుపెడదాం," అంది మేడమ్.

శ్రీనిధి గాజులు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టింది. వాటి పక్కనే, అతని బొటనవేలి వెడల్పున అరిగి మెరుస్తున్న పట్టుకారు ఉంది.