హెడ్మాస్టరు గారు వచ్చేదాకా

నర్సీపట్నంలో ఒక ఆసుపత్రి. ఆ మంగళవారం ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకి అక్కడి కాన్పుల వార్డులో ఒక మగబిడ్డ పుట్టాడు. తూకం రెండు కిలోల మూడు వందల గ్రాములు. గొంతు మాత్రం అంతకు రెట్టింపు. వాడి కేక వినగానే వరండాలో బెంచీ మీద కూర్చున్న దేవుడమ్మ లేచి నిలబడి, "గుంటడే! ఆ గొంతు మా ఇంటి గొంతే!" అంది. ఎవరూ అడక్కుండానే ఆ మాట ఆయాకి చెప్పింది, మందుల చీటీ పట్టుకుని వెళ్తున్నాయనకి చెప్పింది, పన్ను పీకించుకుని దవడ పట్టుకుని వస్తున్న ఇంకొకాయనకి కూడా చెప్పింది. పాపం ఆయన నవ్వబోయి నవ్వలేకపోయాడు.

పాఠకులారా, ఈ కథలో దుర్మార్గులెవరూ లేరు. ఉన్నవాళ్ళందరూ ఆ బిడ్డ కోసం ప్రాణం పెట్టేవాళ్ళే. అయినా ఆ బిడ్డ భూమ్మీద పడిన మొదటి మూడు గంటలూ పస్తున్నాడు. పేదరికం వల్ల కాదు, తల్లికి పాలు లేక కాదు. ప్రేమ వల్ల. అది ఎలాగో చెప్పడానికే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

దేవుడమ్మది నాతవరం దగ్గర పల్లె. రెండెకరాల వరి, ఒక గేదె, గోవింద్ అని ఒక్కగానొక్క కొడుకు. చుట్టుపక్కల ఎవరి పశువు ఈనుతున్నా ముందు కబురు ఆమెకే, తరవాతే పశువుల డాక్టరుకి. ఈనిన పశువుకి మాయ పడేదాకా దూడకి పాలు పట్టకూడదని ఊళ్ళో వెనకటి నుంచీ ఒక పట్టింపు ఉండేది. ఆ పట్టింపుకి తన దూడనే ఒకదాన్ని పోగొట్టుకున్నాక దేవుడమ్మ ఊరందరితోనూ పోట్లాడి దాన్ని మాన్పించింది. "ముర్రుపాలు గంటలోపల కడుపులో పడాల. జున్ను తరవాత, దూడ ముందు" అని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. అంత గట్టి మనిషి.

వార్డులో కోడలు వెంకటదుర్గ అలసిపోయి పడుకుని ఉంది. బలిఘట్టం నుంచి వచ్చిన ఆమె తల్లి సోమలమ్మ కూతురి తల నిమురుతోంది. నర్సు నూకరత్నం బిడ్డని శుభ్రం చేసి తెచ్చి దుర్గ పక్కలో పెట్టింది.

"బరువు కొంచెం తక్కువున్నాడు. ఇలాంటి పిల్లలు ఆకలికి ఆగలేరు. వెంటనే రొమ్ము పట్టించండి. ముందొచ్చే పాలు చిక్కగా, పసుపుగా ఉంటాయి, పారబొయ్యకండి. నేను పక్క టేబుల్ మీద కేసు చూసి వస్తాను" అని చెప్పి, వెంటనే పరుగున వెళ్ళిపోయింది. ఆ ఉదయం అక్కడ వరసగా నాలుగు కాన్పులు.

నర్సు అటు వెళ్ళగానే దేవుడమ్మ చేతిసంచీ విప్పింది. అందులోంచి ఒక వెండి ఉగ్గుగిన్నె, కొండ నుంచి దిగే వాళ్ళ దగ్గర సంతలో ఏరికోరి కొన్న తేనె సీసా బయటికి వచ్చాయి. రెండింటినీ కిటికీ గూట్లో జాగ్రత్తగా పెట్టి, బిడ్డని ఎత్తుకుంది.

"అత్తా, పాలు..." అంది దుర్గ.

"ఉండమ్మా. మా అన్నియ్య వొస్తన్నాడు. ఆయన సేత్తో తొలి సుక్క పడిపోతే, ఆ తరవాత నీ ఇష్టం, రోజంతా పట్టుకో."

ఆ అన్నయ్య నారాయణమూర్తి గారు. పాయకరావుపేటలో హైస్కూలు హెడ్మాస్టరు. వాళ్ళ వంశం మొత్తానికి డిగ్రీ చదివిన మొదటి మనిషి. పుట్టిన బిడ్డకి తొలి చుక్క తేనె ఎవరు నాకిస్తే వాళ్ళ బుద్ధులు వస్తాయని ఒక నమ్మకం ఉంది కదా! దేవుడమ్మకి అది నమ్మకం కాదు, అనుభవం. పాతికేళ్ళ కిందట గోవింద్ పుట్టినప్పుడు, ఇంట్లో ఎవరూ లేక, మరిది అప్పలరాజు చేత తేనె నాకించింది. అప్పలరాజు మంచివాడే, కానీ పేక ముక్కలు కనిపిస్తే పెళ్ళి పీటల మీంచి కూడా లేచిపోయే రకం. గోవింద్ పదో తరగతి రెండు సార్లు తప్పాడు. ఇప్పుడు నాతవరం, నర్సీపట్నం మధ్య సర్వీసు ఆటో నడుపుతున్నాడు. తప్పిన ప్రతిసారీ దేవుడమ్మ ఆ తేనె చుక్కనే తలుచుకుంది. కొడుకుని తిట్టలేదు, తనని తాను తిట్టుకుంది. మనవడి విషయంలో ఆ పొరపాటు జరగనిస్తుందా?

గోవింద్‌ని ఆటోతో సహా ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర కాపలా పెట్టింది. తను ఫోను పట్టుకు కూర్చుంది. ఆ ఫోనులో ఆమెకి తెలిసిన మీట ఒక్కటే, స్పీకరు. అందుచేత ఆమె మాట్లాడే ప్రతి మాటా వార్డు మొత్తానికి వినపడుతుంది.

"అన్నియ్యా, ఏడదాకా వొచ్చేవు?"

"తునిలో దిగేనమ్మా. మనవడికి బట్టలు చూస్తున్నాను. వస్తాను, కంగారేటి?"

"బేగి వొచ్చీ అన్నియ్యా!"

ఎందుకు త్వరగా రావాలో మాత్రం చెప్పలేదు. ఆయన చదువుకున్న మనిషి, ఇలాంటివి చెబితే వెక్కిరిస్తాడని భయం.

పదకొండయింది. పన్నెండయింది. బిడ్డ ఏడుస్తూనే ఉన్నాడు. దేవుడమ్మ వాడిని భుజాన వేసుకుని వార్డు ఆ చివర నుంచి ఈ చివరకి తిరిగింది. ఊపింది, జోకొట్టింది, వాళ్ళమ్మ పాడిన జోల, తను కల్లాల్లో పాడుకునే పాట, అన్నీ పాడింది. వాడు నోరు తెరిచి ఆమె మెడ మీద, భుజం మీద వెతుక్కుంటున్నాడు. జాకెట్టు అంచు దొరికితే అదే చప్పరించాడు.

"నా బంగారు కొండ! తాతొస్తన్నాడు. సదువుల తాతొస్తన్నాడు" అని ముద్దులాడిందే గానీ, ఆ నోరు ఏం వెతుకుతోందో ఆమెకి తోచలేదు. సోమలమ్మకి తోచింది. కానీ పిల్లనిచ్చిన మనిషి, వియ్యపురాలి మాటకి అడ్డు చెబితే రేపు కూతురికి ఏం మాటొస్తుందోనని, "వొదినా, గుంటడికి ఆకలేమో..." అని సగంలోనే మింగేసింది.

నర్సు నూకరత్నం తలుపులోంచి తొంగి చూసి, "పాలు పట్టారా?" అని అడిగింది.

"పట్టీసేమమ్మా!" అంది దేవుడమ్మ.

దుర్గ కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. అత్త మీద ఆమెకి కోపం లేదు. తొమ్మిది నెలలూ కడుపుకి ఏం కావాలో చూసి వండిపెట్టిన అత్త. ఆ అత్త ఇప్పుడు ఒక్క తేనె చుక్క కోసం నర్సుకే అబద్ధం చెప్పడం ఆమెకి మింగుడు పడలేదు.

ఒంటిగంట దాటాక బిడ్డ ఏడుపు ఆపాడు. "సూసేవా, మా వోడికి ఓపిక ఎంతో!" అని మురిసిపోయింది దేవుడమ్మ. అయ్యో, అది ఓపిక కాదు! ఏడవడానికి కూడా శక్తి లేక వాడు మగతలోకి జారుతున్నాడు. దుర్గ మంచం మీంచి లేవబోయింది. "అత్తా, ఆడ్ని నాకిచ్చీ. ఆడి కాళ్ళు సల్లగున్నాయి."

"ఇంకో అరగంటే తల్లీ..."

సరిగ్గా అప్పుడు ఫోను మోగింది. పక్కింటి కొండలమ్మ. దేవుడమ్మ తనకి తెలిసిన మీటే నొక్కింది.

"దేవుడక్కా! మీ గేదె ఈనేసింది! పెయ్యదూడ! లేచి నిలబడిపోనాది. మరి పాలు పట్టీమంటావా, నువ్వొచ్చేదాకా ఆగమంటావా?"

"నానొచ్చేదాకా ఆగడమేటే నీ బుద్ధి మండ!" దేవుడమ్మ గొంతుకి కిటికీ రెక్కలు అదిరాయి. "దూడ సచ్చిపోద్ది! నాకోసం ఆగుద్దేటి దాని ఆకలి? బేగి పొదుగు కాడెట్టు! తొలి పాలు అది తాగాల, తరవాతే ఎవులైనా!"

ఫోను పెట్టేసింది. ఆరు మంచాల మీది బాలింతలూ, వాళ్ళ తల్లులూ, చీపురుతో నిలబడ్డ ఆయా, అందరూ దేవుడమ్మనే చూస్తున్నారు. దేవుడమ్మ తన చేతుల్లోని బిడ్డని చూసుకుంది. ఆమె నోట్లోంచి ఇందాక వచ్చిన మాటలు ఇంకా ఆ గదిలోనే ఉన్నట్టున్నాయి.

"దూడ యేరు" అంది గొణుగుతున్నట్టు. "దూడ సదువుకోవాలేటి?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు పూర్తికాకముందే తలుపు దగ్గర చెప్పుల చప్పుడు. ముందు గోవింద్, వెనక చేతిలో బట్టల సంచీతో నారాయణమూర్తి గారు. అన్నని చూడగానే దేవుడమ్మ చిన్నపిల్లయిపోయింది. "అన్నియ్యా! గిన్ని తే, తేనె తే, బేగి ఒక్క సుక్క..." అని తడబడుతూ మొత్తం చెప్పేసింది.

నారాయణమూర్తి గారి చేతిలోంచి సంచీ జారిపోయింది. "అంటే నేను తునిలో జుబ్బాకి బేరమాడుతున్నంతసేపూ వీడు ఆకలితో ఉన్నాడా?"

"నీ బుద్ధులు రావాలని అన్నియ్యా. గోవిందుకి సేసిన అన్యాయం ఈడికి సెయ్యకూడదని."

ఆయన చెల్లెల్ని కూర్చోబెట్టి పక్కన కూర్చున్నాడు. కోప్పడబోయినవాడు ఆమె మొహం చూసి ఆగిపోయాడు.

"దేవుడూ, నాకు తొలి చుక్క ఎవరు వేశారో తెలుసా?"

"ఎవులు?"

"ఎవరూ వెయ్యలేదు. అమ్మ చెప్పేది కదా, చెరుకు తోటలో కలుపు తీస్తూ నన్ను గట్టు మీద కన్నానని! తేనెక్కడిది అక్కడ? గిన్నెక్కడిది? కూడా ఉన్న ఆడకూలీలు బొడ్డు కోసి, చీర కొంగులో చుట్టి, అమ్మ గుండెల మీద పెట్టేశారు. అక్కడే, ఆ గట్టు మీదే పాలు తాగాను. నీకు కావలసిన బుద్ధులు ఇవే అయితే, అవి నాకు వచ్చింది ఆ పాలతోనే."

గట్టు మీద పుట్టినోడు అని దేవుడమ్మ అన్నని ఎన్ని సార్లు ఆటపట్టించిందో! ఆ కథలో ఇంత మాట దాగి ఉందని ఏనాడూ అనుకోలేదు.

"ఇంకో మాట. గోవిందుకి బుద్ధులకేమయింది? కాంప్లెక్సు నుంచి వస్తుంటే దారిలో ఇద్దరు ముసలాళ్ళని ఎక్కించుకుని, వాళ్ళ గుమ్మం ముందు దించాడు. అప్పలరాజు బుద్ధులైతే నన్ను కూడా పేకాటకి తీసుకుపోయి ఉండేవాడు."

గోవింద్ సిగ్గుపడి గోడ వైపు తిరిగాడు. దేవుడమ్మ ఒక్కసారి నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. లేచి, ఒక్క క్షణం ఆలస్యం చెయ్యకుండా బిడ్డని తల్లి చేతుల్లో పెట్టింది.

"దుర్గమ్మా, నన్ను తిట్టుకోకు తల్లీ. దూడ కాడ తెలిసిన నాయం నాను ఇంటికాడే మర్సిపోయొచ్చినాను."

మగవాళ్ళు బయటికి వెళ్ళారు. నర్సు నూకరత్నాన్ని దేవుడమ్మే పిలుచుకొచ్చి, తన అబద్ధం తనే ఒప్పుకుంది. నూకరత్నం నాలుగు చీవాట్లు పెట్టింది. "ఏడాది లోపు పిల్లలకి తేనె విషంతో సమానం. చుక్క కూడా వద్దు" అంది. బిడ్డ ఒంటి మీది గుడ్డ విప్పి, తల్లి గుండెకి ఆనించి పడుకోబెట్టి, పైన దుప్పటి కప్పింది. అరికాళ్ళు మెల్లగా రుద్దింది. వాడు కళ్ళు తెరిచాడు. అమ్మ గుండె చప్పుడు వాడికి పాత స్నేహమే కదా! మూడు గంటలు వెతికిన నోరు మూడు నిమిషాల్లో దారి కనుక్కుంది. చప్పరించడం మొదలెట్టాక ఇక ఆగలేదు. దుర్గ నవ్వుతుంటే కన్నీళ్ళు చెవుల్లోకి కారాయి. వార్డులో ఆరు మంచాల వాళ్ళూ అది తమ ఇంటి పండగైనట్టు చూశారు. కాసేపటికి వాడి కాళ్ళు వెచ్చబడ్డాయి, పిడికిళ్ళు విచ్చుకున్నాయి. ఏ జోలా లేకుండానే నిద్రపోయాడు.

తేనె సీసా బయట వరండాలో ఖాళీ అయింది. పొద్దున్నుంచీ ఏమీ తినని గోవింద్, నారాయణమూర్తి గారు రొట్టె ముక్కలు అందులో ముంచుకు తిన్నారు. మూడో రోజున దేవుడమ్మ పెద్ద టిఫిన్ క్యారియరు నిండా మిరియాలూ బెల్లం వేసిన జున్ను తెచ్చి వార్డంతా పంచింది. "దూడ కడుపునిండా తాగిన తరవాత మిగిలిందేనమ్మా" అని అందరికీ హామీ ఇచ్చింది.

ఇరవై ఒకటో రోజు ఉయ్యాల వేడుక. బిడ్డ బుగ్గలు పొంగాయి, నారాయణమూర్తి గారు తెచ్చిన జుబ్బా అప్పుడే బిగుతైంది. దొడ్లో వాడితో పాటు పుట్టిన పెయ్యదూడ గంతులేస్తోంది. కొండలమ్మ తన కూతురు బేబిని వెంటబెట్టుకుని వచ్చింది. బేబికి ఎనిమిదో నెల. కొండలమ్మ హెడ్మాస్టరు గారి వైపు వినయంగా చూస్తూ, దేవుడమ్మ చెవిలో అడిగింది:

"అక్కా, మా బేబికి పురుడొచ్చిన్నాడు తొలి సుక్క ఎయ్యడానికి హెడ్మాస్టరు గారొస్తారేటి? మా గుంటడికీ సదువొస్తాది."

చుట్టూ ఉన్న ఆడవాళ్ళందరూ వినేటట్టు దేవుడమ్మ గొంతెత్తింది. ఆ గొంతుకి మీట అక్కర్లేదు.

"ఉయ్యాలేడుక్కి పిలు, వొస్తాడు, సదువు సెప్పమను, సెప్తాడు. తొలి సుక్కకి మాత్రం ఎవుల్నీ పిలవకండి. నా మనవడ్ని మూడు గంటలు ఆకలితో ఉంచినదాన్ని నాను, నా మాటినండి. తేనొద్దు, పంచదార నీళ్ళొద్దు. బిడ్డ పుట్టిన గంటలోపల తల్లి ముర్రుపాలు పట్టండి. ఎంత పెద్దమనిసికోసవైనా బిడ్డని ఆకలితో ఆపకండి. ఆ బిడ్డకి తల్లి కంటే పెద్దమనిసి లోకంలో ఎవులూ లేరు!"