తాబేలు గేరు

గేరులో పెట్టి ఆపిన ట్రాక్టరు ఎంత వాలులోనైనా కదలదని తిప్పన్న నమ్మకం. మీసాలు రాని వయసు నుంచి బత్తలపల్లె చుట్టుపక్కల ఎంతోమంది ట్రాక్టర్లు తోలాడు. ఎవరి బండైనా సరే, ఇంజను ఆపడం, మొదటి గేరు వేయడం, వెనక్కి తిరిగి చూడకుండా దిగిపోవడం. హ్యాండ్ బ్రేకు అనేది ఒకటుందని అతనికి తెలియక కాదు. అది చేతకాని డ్రైవర్ల కోసం పెట్టారని అతని లెక్క. పెద్ద ట్రాక్టర్లతో ఆ గర్వం అతనికి చెల్లింది కూడా.

అతని కూతురు పద్మజకు చిన్నప్పుడు వచ్చిన జ్వరంతో ఎడమకాలు సన్నబడిపోయింది. నడుస్తుంది, కొంచెం ఈడుస్తుంది. ఆ కాలితో క్లచ్ తొక్కడం మాత్రం కుదరదు. నాయన ఒళ్ళో కూచుని స్టీరింగు పట్టుకుంటే తప్ప ఏడుపు ఆపని పిల్ల, పెద్దయ్యాక గడపలో కూచుని ధర్మవరం పట్టుచీరలకు కుచ్చులు కట్టేది. వీధిలో ట్రాక్టరు పోతే చప్పుడును బట్టి అది ఎవరిదో చెప్పేది. తలెత్తి చూసేది కాదు.

అట్లాంటి రోజుల్లో ఊరి చీనీ రైతుల సంఘం, అంటే బత్తాయి తోటల వాళ్ళ సంఘం, ఒక చిన్న ట్రాక్టరు తెచ్చింది. చెట్ల వరసల మధ్య దూరగలిగే పొట్టి బండి. దానికి క్లచ్ తొక్కే పని లేదు, నడుస్తుండగా గేర్లు మార్చే పనీ లేదు. కుడికాలి కింద రెండు పెడళ్ళు, ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి. లోపల అంతా నూనె ఒత్తిడి మీద నడుస్తుందట. సీటు పక్కన ఒక మీట, దాని మీద రెండు బొమ్మలు. కుందేలు వేగానికి, తాబేలు నిదానానికి.

షోరూము నుంచి వచ్చిన మనిషి అన్నీ విడమరిచి చెప్పాడు. ఇంజను ఆపాక ఆ మీటను నమ్ముకోవద్దన్నాడు. నూనె కొంచెం కొంచెం జారుతుందని, వాలులో బండి మెల్లగా పాకుతుందని, దిగేముందు బ్రేకు లాగి తీరాలని రెండుసార్లు చెప్పాడు. పద్మజ చెవి ఒగ్గి విన్నది. తిప్పన్న ఆ సమయంలో బండి చుట్టూ తిరుగుతూ టైర్లను కాలితో తన్ని చూస్తున్నాడు. తనకు ఒకరు చెప్పేదేమిటని.

అట్లాగని అతన్ని చెడ్డవాడనలేం. కూతురి చేతికి ఆ బండి ఇప్పించడానికి సంఘం అధ్యక్షుడు మల్లికార్జున ఇంటి చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది అతనే. ఏదైనా జరిగితే తనది పూచీ అన్నాడు. మల్లికార్జున సణుగుతూనే ఒప్పుకున్నాడు. మొదటిరోజు పద్మజ చీనీ చెట్ల మధ్య ఒంటరిగా బండి తిప్పి ఒక్క కొమ్మ విరగకుండా బయటికి వచ్చినప్పుడు, తిప్పన్న తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని దగ్గాడు. అది దగ్గు కాదని చూసినవాళ్ళందరికీ తెలుసు. పద్మజ ఆ ఏడాదంతా నవ్వుతూనే ఉంది. కుచ్చుల పని ఇచ్చే సేటుకు ఇక చీరలు పంపొద్దని కబురు కూడా పెట్టింది.

చీనీకాయలు కోసే కాలంలో ఒక మధ్యాహ్నం గుట్ట కింద తోటలో పని జరుగుతోంది. పద్మజ బండి ఆపి, బ్రేకు లాగి, చేతులు కడుక్కోవడానికి బోరు దగ్గరికి వెళ్ళింది. ఎండ నేరుగా సీటు మీద పడుతోంది. తిని వచ్చి కూచుంటే పిల్లకు చుర్రుమంటుందని తిప్పన్న బండి ఎక్కి, బ్రేకు వదిలి, పైనున్న వేపచెట్టు నీడలోకి తీసుకుపోయి ఆపాడు. అక్కడ నేల వాలు. మీట తాబేలు మీద ఉంది. అతని లెక్కలో తాబేలంటే మొదటి గేరు. దిగి వచ్చేశాడు. కాసేపటికి పద్మజ వెళ్ళి, సీటు కింద పెట్టుకున్న నీళ్ళ బాటిలు కింద నుంచే చేయి చాచి తీసుకుంది.

అందరూ సద్ది మూటలు విప్పారు. బండి చప్పుడు లేకుండా కదిలింది. మొదట పాకింది, ఏటవాలు ఎక్కువయ్యే చోట జోరందుకుంది. గట్టుకు ఆనుకుని ముద్ద కలుపుకుంటున్న కూలీ సిద్దమ్మ పక్కగా పోయి, డ్రిప్పు ఫిల్టరును నుజ్జు చేసి, నీళ్ళ తొట్టిని గుద్ది ఆగింది. సిద్దమ్మకు గీత కూడా పడలేదు. కానీ ఆ పూట ఆమె మళ్ళీ ముద్ద ముట్టలేదు.

మల్లికార్జున వచ్చేసరికి కూలీలందరూ గుమిగూడారు. వయసైన మనిషిని, కాలు బాగలేని పిల్లను నమ్మి బండి ఇస్తే ఇంతేనని ఎవరో అననే అన్నారు. ఆపింది ఎవరని మల్లికార్జున అడిగాడు. తిప్పన్న దాచలేదు. తానే ఆపానన్నాడు. కానీ తన చేతిలో తప్పు జరగడమనేది అతని ఊహకు అందని సంగతి.

"నేను తాబేలు మీదనే పెట్టినాను. కదిలే పనే ల్యా. పాపా, నువ్వు బాటిలు కోసరం పోతివి గదా, నీ కాలు యాడన్నా మీటకు తగిలిండాదేమో."

పద్మజ బండి వైపు చూసింది. బ్రేకు లాగి లేదు, కిందికి దించే ఉంది. తర్వాత నాయన వైపు చూసింది. అంతమంది ముందు అతను భుజం మీది తువ్వాలు తీసి మళ్ళీ వేసుకుంటున్నాడు.

"తగిలిండొచ్చు నాయనా," అన్నది.

ఇక ఎవరూ ఏమీ అడగలేదు. ఆ అమ్మాయిని మళ్ళీ బండి ఎక్కనివ్వొద్దని మల్లికార్జున చెప్పాడు. ఆమె దగ్గరున్న తాళంచెవి తిప్పన్నే అడిగి తీసుకున్నాడు, కూతురి ముఖం చూడకుండా. పద్మజ సేటుకు మళ్ళీ కబురు పెట్టింది. చీరలు మళ్ళీ గడపలోకి వచ్చాయి.

బండి బాగై వచ్చాక తిప్పన్న ఒక్కడే తోలేవాడు. ఒకరోజు పొద్దున పై తోటలో వాలు మీద బండిని ఎప్పటిలాగే ఆపి, పక్కన గట్టు మీద కూచుని బీడీ ముట్టించాడు. ముందు చక్రానికి జానెడు దూరంలో రాలిన చీనీకాయ ఒకటి పడి ఉంది. బీడీ సగమయ్యేసరికి ఆ కాయ చక్రాన్ని తాకుతోంది. తిప్పన్న కళ్ళు నులుముకున్నాడు. ఇంజను ఆగే ఉంది, మీట తాబేలు మీదే ఉంది, దగ్గరలో మనిషి లేడు. చూస్తుండగానే కాయ చితికి రసం నేలలోకి ఇంకింది. అప్పుడు లేచి బ్రేకు లాగాడు. ఆ పొద్దు ఇక అతనికి పని సాగలేదు.

ఆ సాయంత్రమే చెప్పవలసింది. ఇంటికి వచ్చాడు, పద్మజ దారాలు ముడివేస్తూ కూచుంది, పక్క నుంచి నడిచి లోపలికి పోయాడు. రేపు చెబుదామనుకున్నాడు. మరునాడు, ఆ పై వారం చెబుదామనుకున్నాడు. అంతలో సంఘం మీటింగు వచ్చింది. ఈ గేర్లు లేని బండి మనకు అచ్చిరాలేదని, దాన్ని ఇచ్చేసి మామూలు ట్రాక్టరు తెచ్చుకుందామని మల్లికార్జున అన్నాడు. కొందరు ఔనన్నారు, కొందరు తటపటాయించారు. తోలేవాడివి నువ్వు, నీ మాటేమిటని తిప్పన్ననే అడిగారు. బండిలో తప్పు లేదు, పిల్లలోనూ లేదు, తప్పు నాదని ఒక్కమాట అంటే అయిపోయేది. అందరి కళ్ళూ అతని మీదే ఉన్నాయి.

"మీ ఇష్టమప్పా," అన్నాడు.

రాప్తాడు వైపు నుంచి లారీ వచ్చి చిన్న ట్రాక్టరును ఎక్కించుకుపోయింది. పద్మజ గడపలోంచి చూసింది. ఆ రోజు తలెత్తి చూసింది, లారీ మలుపు తిరిగేదాకా చూసింది. తిప్పన్నకు ఆ చూపు తట్టుకోవడం చేతకాలేదు. పక్కన వచ్చి నేల మీద చతికిలబడ్డాడు.

"పాపా, ఆ పొద్దు నీ కాలు తగిల్లేదు. నేను ఆపిన తీరుకే పోయినాది బండి."

"నాకు తెలుసు నాయనా."

పద్మజ కుచ్చు ముడి బిగిస్తూ నిదానంగా చెప్పింది. బ్రేకు లాగి లేకపోవడం అప్పుడే చూశానన్నది. అతను తెలియక చేశాడని, ఆ మాట బయటపడితే అతన్ని మళ్ళీ ఏ బండీ ఎక్కనివ్వరని, తోలడం మానేసి ఇంట్లో కూచుంటే మనిషి ఏమైపోతాడోనని భయపడి తన మీద వేసుకున్నానన్నది. తిప్పన్న తువ్వాలులో ముఖం దాచుకుని ఏడ్చాడు. ఏడుస్తుంటే గుండె తేలికైనట్టనిపించింది. కూతురు తనను ఎప్పుడో క్షమించేసిందని తోచింది.

"నీకెప్పుడు తెలిసినాది?" అని అడిగింది పద్మజ.

ఇప్పుడే అని అంటే నమ్మేది. కానీ ఇంత జరిగాక ఆమె ముందు ఇంకో అబద్ధం ఆడలేకపోయాడు.

"మీటింగుకు ముందరనే," అన్నాడు.

పద్మజ చేతులు ఆగిపోయాయి.

"నేను ఊరకే ఉండింది నీ కోసరం," అన్నది. "నువ్వు ఊరకే ఉండింది ఎవరి కోసరం నాయనా?"

దానికి జవాబు అతనికి తెలుసు, ఆమెకూ తెలుసు. ఆమె రెండోసారి అడగలేదు.