మడిచి కుట్టిన అంచులు

ఆ ఇంట్లో అడుగుపెట్టిన నాటికి నా చేతిలో ఉన్న సరుకు ఇదీ: సందు మొగలో గుండీలూ దారాలూ అమ్మే చిన్న దుకాణం, ఎవరితోనైనా బేరమాడగల నోరు, ముప్ఫై దాటిన వయసు, ఒక సంచీడు బట్టలు. ఆ సంచిని అత్తగారు మొదటి రోజే గుమ్మం అవతల పెట్టించింది. "ఇవెందుకమ్మాయ్, బీరువా నిండా ఉన్నాయిగా," అంది.

బీరువా నిండా ఉన్నవి ఆమెవి. చనిపోయిన నా భర్త మొదటి భార్యవి కాబట్టి ఎవరూ తాకనివి కావు, నాకోసం ఉంచినవి. బూడిదరంగు గౌన్లు, మట్టిరంగు గౌన్లు, వానాకాలం ఆకాశంలాంటి నీలం గౌన్లు, అన్నిటికీ మెడ దాకా గుండీలు. గుడ్డ మేలైనది. ఊరికే వచ్చిన సరుకుని కాదనే వ్యాపారిని కాను నేను, తీసుకున్నాను. ఆమె నాకంటే జానెడు పొడుగు కాబట్టి అంచులు కత్తిరిద్దామని కూర్చుంటే అత్తగారు వచ్చి కత్తెర మీద చెయ్యి వేసింది.

"కత్తిరించకు. లోపలికి మడిచి కుట్టు. పిల్ల ఎదుగుతోంది కదా, రేపు దానికి పనికొస్తాయి."

మడిచి కుట్టాను. అన్నిటినీ, వంటా గిన్నెలూ అయ్యాక, ఒక్కో సాయంత్రం ఒక్కోటి. ఇక అప్పట్నుంచి ఎక్కడికి నడిచినా ఆమె పొడుగు నా చీలమండలకి తగులుతూ ఉండేది. బరువుగా, మెత్తగా, ఎవరో కూర్చుని కాళ్ళు పట్టుకున్నట్టు.

నా భర్త నీళ్ళ ఆఫీసులో గుమాస్తా. గొంతు పెంచే మనిషి కాదు. పెళ్ళయిన కొత్తలో నేను గిన్నెలు తోముతుంటే వంటగది గుమ్మంలో చాలాసేపు నిలబడి, "వెనక నుంచి చూస్తే తను లేదనిపించదు," అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు. కొనేవాడు సంతోషంగా ఉన్నప్పుడు ఎందుకని అడగకూడదని మా వ్యాపారంలో నేర్చుకున్నాను. తడి చేతులతో అలాగే నిలబడ్డాను, వెనక్కి తిరగకుండా. తిరిగితే ఆయన సంతోషం పోతుందని నాకు తెలుసు.

బట్టలు ఇస్త్రీ చేసేటప్పుడు, తడి గుడ్డ మీద పెట్టె ఆనగానే, ఆవిరితో పాటు ఒక వాసన లేచేది. సబ్బుది కాదు, నాది కాదు. ఎన్ని ఉతుకులు ఉతికినా పోని వాసన. కుడి మోచేతుల దగ్గర గుడ్డ ఉబ్బి ఉండేది, ఆమె కుడి చేతి మీద ఆనుకుని కూర్చునేదేమో. కొన్నాళ్ళకి దుకాణంలో బల్ల మీద నేను కూడా కుడి మోచెయ్యే ఆనిస్తున్నానని గమనించాను. అంతకు ముందు నాకా అలవాటు లేదు. జలుబు చేసి దగ్గితే అత్తగారు పక్క గదిలోంచి, "అదీ అచ్చం ఇలాగే దగ్గేది," అనేది. కూర బాగుంటే ఆమె చేతి వంటలా ఉందనేది, బాగా లేకపోతే నా వంటలా ఉందనేది. లాభం ఆమెకి, నష్టం నాకు. ఇలాంటి పొత్తు వ్యాపారం ఏ పిచ్చివాడూ చెయ్యడు. నేను మూడేళ్ళు చేశాను.

ఎందుకు చేశానంటే, పిల్ల ఉంది. ఆమె కూతురు. నేను వచ్చేనాటికి పదకొండేళ్ళు. పగలంతా "పిన్నీ, జడ," "పిన్నీ, ఆకలి" తప్ప మాటే ఉండేది కాదు. సాయంత్రం మసక పడి, దీపం ఇంకా వెయ్యని వేళ, నేను ఆ బీరువాలోని మట్టిరంగు స్వెటరు వేసుకుని కిటికీ దగ్గర కూర్చుంటే మాత్రం చప్పుడు చెయ్యకుండా వచ్చి నా భుజం మీద తల వాల్చేది. ముఖం ఉన్నికి ఆనించి ఊపిరి పీల్చుకునేది. అది నాకు రావలసింది కాదని తెలుసు. పొరపాటున నా గుమ్మంలో దించిపోయిన సరుకు అది. అయినా కదిలేదాన్ని కాదు. దీపం వెయ్యడం రోజురోజుకీ ఆలస్యం చేసేదాన్ని.

బట్టల మార్పిడికి మొదట వ్యాపారానికే వెళ్ళాను. నా దుకాణంలో జిప్పులు కొనే దర్జీ ఒకామె, నోట్లో ఎప్పుడూ పిన్నీసులు పెట్టుకునే మాట్లాడుతుంది, ఊరంతా ఆమెని పిన్నీసనే అంటారు. ఆదివారాలు ఒక లాండ్రీ వెనక హాల్లో ఆడవాళ్ళని పోగు చేసేది. ఉతికిన బట్ట ఒకటి తేవాలి, నచ్చినది ఒకటి తీసుకుపోవాలి. "బట్ట మారితే గుండీ మారుతుంది, గుండీల పెట్టె పట్టుకురా," అంది. వెళ్ళి ఒక మూల కూర్చున్నాను. పరదా వెనక నుంచి లావుపాటి నర్సు ఎర్రటి కోటులో బయటికొచ్చి, "నాలో ఇంత పొగరుందని తెలీదే!" అని అద్దంలో తనని తనే చూసుకుంటుంటే అందరూ చప్పట్లు కొట్టారు. "నువ్వూ ఒకటి ఏరుకో," అంది పిన్నీసు. చెయ్యి ఎటూ పోలేదు. ఎదుటివాళ్ళ చొక్కాకి ఏ గుండీ నప్పుతుందో కళ్ళు మూసుకుని చెప్పే నాకు, నాకేం నచ్చుతుందో తెలియలేదు.

ఆ వారమే అత్తగారు, "ఇంక కుట్లు విప్పెయ్, దానికి పొడుగొచ్చింది," అంది. ఒక బూడిద గౌను అంచు విప్పి పిల్లకి తొడిగాను. మడతలో దాగిన గుడ్డ ఎండకి వెలవక ముదురుగా, కొత్తగా ఉంది. గౌను అడుగున ఆ పట్టీ ఒక్కటీ వేరే మనిషిలా కనిపించింది. అప్పుడే నా భర్త గదిలోకి వచ్చి, కూతుర్ని చూసి, గోడకి ఆనుకున్నాడు. "అచ్చం..." అన్నాడు. పిల్ల భుజాలు మెల్లగా లోపలికి ముడుచుకున్నాయి. ఆ ముడుచుకోవడం నాకు తెలుసు, రోజూ అద్దంలో చూస్తున్నదే. నేను ఇన్నాళ్ళూ ఆ బట్టలు నాకు ఇచ్చారనుకున్నాను. కాదు, మధ్యలో కొయ్యకి తగిలించినట్టు నాకు తగిలించి ఉంచారంతే, బట్టలు చివికిపోకుండా ఉండటానికి.

ఆదివారం గౌన్లన్నీ మూటకట్టి హాల్లో దించాను. టెలిఫోన్ ఆఫీసులో పనిచేసే ఒకావిడ మొదటి గౌను ఎత్తి వెలుతురులో పట్టుకుంది.

"ఇది ఎక్కడిదక్కా మీకు?"

"మా దూరపు చుట్టాలావిడది. పెద్దగా వాడలేదు," అన్నాను, నోటికి అలవాటైన మాట.

"వాడకపోవడమేమిటి! ఏళ్ళ తరబడి నా కళ్ళెదుట వాడింది. నా పక్క కుర్చీ తనది. పొద్దున్నే ఇది వేసుకొచ్చేది, రాగానే బాత్రూంలోకి పోయి విప్పేసేది."

"విప్పేసి?"

"నా బల్ల సొరుగులో తన చొక్కా ఒకటి ఉండేది. నిమ్మపండు రంగు, అరచెయ్యంత పువ్వులు. మా ఆఫీసరు కళ్ళద్దాలు తీసి తుడుచుకునేవాడు దాన్ని చూసి. సాయంత్రం మళ్ళీ ఈ బూడిద తొడుక్కుని, 'సరేనే, గోడలో కలిసిపోయే టైమైంది' అనేది. నవ్వీ నవ్వీ చచ్చేవాళ్ళం."

"మరి ఇవన్నీ ఎవరు కొన్నారు?"

"అత్తగారు. ఆవిడకి వాళ్ళత్తగారు ఇలాంటివే కొనేదట." అప్పుడు నా ఒంటి మీది మట్టి స్వెటరు చూసి ఆగిపోయింది. నేనెవరో అర్థమైనట్టుంది. గౌను మడతపెట్టి నెమ్మదిగా బల్ల మీద పెట్టింది.

ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ లెక్క తిరగేశాను. మూడేళ్ళుగా నన్ను వెంటాడిన మనిషి ఆ బట్టల్లో ఎప్పుడూ లేదు. పొద్దున్నే వాటిలోంచి తప్పించుకుని పోయేది. మరి నా మోచెయ్యి వంచిందెవరు? నా చీలమండలు పట్టుకున్నదెవరు? దయ్యం ఆమె కాదు. ఆమెకీ అదే పట్టింది.

ఇంట్లో అత్తగారు ఖాళీ బీరువా తలుపు తెరిచి, లోపలికి చెయ్యి పెట్టి నాలుగు మూలలూ తడిమింది. "రేపు పిల్లకేం వేస్తావ్?"

"అదే ఏరుకుంటుంది."

"ఏరుకోవడమా? ఆడపిల్ల ఏరుకోవడం మొదలెడితే బట్టలతో ఆగుతుందా?"

"ఆగదత్తయ్యా. మీకూ తెలుసుగా."

ఆవిడ బీరువా మూసేసింది. తర్వాత తన గదిలోకి పోయి తలుపేసుకుంది.

మరుసటి ఆదివారం టెలిఫోన్ ఆవిడ ఆ చొక్కా తెచ్చింది. ఊరికే ఇస్తానంది. పిన్నీసు ఒప్పుకోలేదు. "ఊరికే తీసుకుంటే దానమవుతుంది. ఏదో ఒకటి పెట్టి తీసుకో." ఆ బీరువా బట్టల్లో నా దగ్గర మిగిలింది ఒంటి మీది స్వెటరే. దాన్ని ఇస్తే ఏం పోతుందో ఆ హాల్లో నా ఒక్కదానికే తెలుసు. విప్పి ఇచ్చాను. ఇంటికొచ్చేసరికి చలికి పళ్ళు కొట్టుకున్నాయి.

పిల్ల చొక్కా చేతిలోకి తీసుకుని వాసన చూసింది. "ఇది అమ్మది కాదు. అమ్మ ఇలాంటివి వేసుకోదు."

"ఇంట్లో వేసుకోలేదు. ఆఫీసులో వేసుకునేదట, అక్కడ తన పక్క కుర్చీ ఆవిడ బట్టల మార్పిడిలో ఇచ్చింది."

"అబద్ధం. స్వెటరేది పిన్నీ?"

"ఇచ్చేశాను."

పిల్ల చొక్కా నేలకేసి కొట్టింది. తర్వాత చాలా రోజులు నాతో మాట్లాడలేదు. మసక వేళ కిటికీ దగ్గర ఒక్కదాన్నే కూర్చునేదాన్ని. ఎవరూ రారని తెలిశాక దీపం వేళకే వేసేదాన్ని.

ఆ రోజుల్లోనే హాల్లో నాకు నచ్చేవి వెతకడం మొదలుపెట్టాను. మొదట తప్పులే. ఊదారంగు మఖమలు కోటు ఊపిరాడనివ్వలేదు, తిరిగిచ్చాను. చారల గౌనులో సర్కసు డేరాలా ఉన్నాను. మెల్లగా తెలిసొచ్చింది, నాకు జేబులు కావాలి, పని చేసే చేతులు కాబట్టి మోచేతి దగ్గర ఆగే చేతులు కావాలి, ఇటుకరంగు కావాలి. అలాంటి చొక్కా ఒకటి దొరికింది. ఎవరో తోటమాలి ప్యాంటూ దొరికింది, మోకాళ్ళకి అతుకులతో. నాకు పొడుగైంది. అంచు మడవలేదు, కత్తిరించాను. అది వేసుకుని ఇంట్లో నడిస్తే అత్తగారు, "దొంగ జొరబడ్డాడనుకున్నా," అంది. నా భర్త గుమ్మంలో ఆగి, "ఎవరో అనుకున్నాను," అన్నాడు. "నేనే," అన్నాను. ఆయన ముఖంలో సంతోషం వెతికాను, లేదు. మళ్ళీ వెతకలేదు.

ఆ గౌన్లు ఊళ్ళో తిరుగుతూ ఉండేవి. ఒకసారి రోడ్డు అవతల ఒక బూడిద వీపు పోతుంటే, దుకాణం వదిలి కొంత దూరం వెంట నడిచాను, కాళ్ళు వాటంతట అవే పోయాయి. ఇంకోసారి ఒకామె ఆ గౌన్లలో ఒకటి వేసుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది. గుండీలన్నీ పీకేసి, మెడ దించి, నడుముకి ఎర్ర బెల్టు పెట్టుకుంది. "దీనికేదైనా గోలగా ఉండే గుండీ చూపించండి," అంది. పెట్టెంతా ఆమె ముందు బోర్లించాను.

చివరికి పిల్లే నోరు విప్పింది. "ఆ ఆఫీసావిడ ఇంకా వస్తుందా అక్కడికి?"

వెంట తీసుకెళ్ళాను. వాళ్ళిద్దరూ కిటికీ కింద కూర్చున్నారు. ఆవిడ ఏం చెప్పిందో నాకు వినపడలేదు, వినాలని దగ్గరికి పోలేదు. మధ్యలో పిల్ల ఏడ్చింది, తర్వాత ఒక్కసారిగా నవ్వింది. అంత పెద్ద నవ్వు మా ఇంట్లో ఏ గదిలోనూ పట్టదు. ఆ తర్వాత లేచి, బల్లల మీద బట్టలన్నీ చిందరవందర చేసి, పరదా వెనక్కి పోయి ఒక నల్ల కోటు వేసుకొచ్చింది. మడమల దాకా, భుజాలు జారిపోతూ, ఒక జేబు ఊడిపోయి.

"ఎలా ఉంది?"

నా నోట్లో మాటలు వరసగా నిలబడ్డాయి. పెద్దదైపోయింది. ఆ రంగు నీకు నప్పదు. ఆడపిల్లవి. వాటిలో సగం నావి కావు, ఏ గొంతు ఎవరిదో పోల్చుకోగలిగాను. అన్నిటినీ మింగాను. అమ్ముకుని బతికే నోరు మూసుకోవడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది.

"నీకెలా ఉంది?" అన్నాను.

"నాకు బాగుంది."

"నాకేమంత బాలేదు."

"నిన్నెవరడిగారు పిన్నీ?" అంది, అడిగింది తనే అయినా. కోటు చేతులు ఊపుకుంటూ మళ్ళీ అద్దం వైపు తిరిగింది.

లెక్క తేల్చి చెప్పాలంటే, పోయినవి ఒక బీరువాడు బట్టలు, ఒక మనిషి సంతోషం, చీకట్లో వేరొకరి కోసం వచ్చి నా భుజం మీద వాలిన ఒక తల. వచ్చినవి ఒక ఇటుకరంగు చొక్కా, ఒక తోటమాలి ప్యాంటు, పట్టపగలు నా ముఖం చూసి ఎదురు చెప్పే ఒక అమ్మాయి.

గిట్టింది.