జాడీలో చేపలకు గాలి

నేను చేపల తొట్టెలో గాలి ఊదే చిన్న మోటారును. ఏ ఫ్యాక్టరీలో పుట్టానో తెలియదు. రాజమండ్రిలో ఒక పళ్ళ డాక్టరు గారి గదిలో ఉన్నప్పటి నుంచే నాకు జ్ఞాపకం. పన్ను పీకించుకోవడానికి వచ్చినవాళ్ళు నా బుడగలు చూస్తూ భయం మరిచిపోయేవారు. డాక్టరు గారు ఊరు మారుతూ నన్ను సోమయాజులు గారికి ఇచ్చేశారు. గాలి ఊదడం నా ధర్మం. ఎవరికని అడగడం నా పని కాదనుకునేదాన్ని.

సోమయాజులు గారు డాబా మీద తేనెటీగల పెట్టెలు పెట్టారు. ఆయన మొదటి తేనె వానకు తడిసి పాడయ్యేలా ఉంది. పారబోయడానికి మనసొప్పక, నీళ్ళు కలిపి, ఈస్ట్ వేసి, తేనె మద్యం చేయబోయారు. తొలి రోజుల్లో ఈస్ట్‌కు గాలి కావాలి. ఆ తర్వాత అదే గాలి తగిలితే అంతా పుల్లబడి వెనిగరైపోతుంది. భగవంతుడు ఆ సూక్ష్మజీవికి ఈ నియమం ఎందుకు పెట్టాడో! పింగాణీ జాడీలోకి నా గొట్టం దించి, పైన గుడ్డ కట్టారు.

ఆయన భార్య శిక్షణకు విశాఖ వెళ్ళడంతో, ఇల్లు చూసుకోవడానికి అత్తగారు పేరిందేవమ్మ గారు వచ్చారు.

"ఏవిటల్లుడు గారూ, జాడీ గురక పెడుతోంది?"

ఆవిడతో మద్యమని ఎలా అంటారు? నన్ను చూసి నోటికొచ్చింది అనేశారు. "చేప పిల్లలండీ. వెలుతురు తగలకూడదు."

ఆవిడ వంగి వాసన చూశారు. పుట్టి బుద్ధెరిగి చేప వాసన ఎరగని మనిషి. "ఓహో, చేపలు ఇలా కంపు కొడతాయన్నమాట!"

గోదావరి స్నానానికి వెళ్ళినప్పుడల్లా చేపలకు పిండి వేయడం ఆవిడ నియమం. ఇక పొద్దున్నే విష్ణు సహస్రనామం చదువుతూ, గుడ్డ పక్కకు తీసి జాడీలోకి పిండి ఉండలు జారవిడిచేవారు. నురుగు పొంగేది. "ఎంత ఆకలో పాపం!"

గాలి ఆపే రోజు వచ్చింది. అల్లుడి చెయ్యి స్విచ్చి మీద పడగానే అత్తగారు కేకేశారు.

"ఆపితే చచ్చిపోవూ? మా అమ్మాయి కాపురంలో జీవహత్యా?"

పీట వేసుకుని స్విచ్చి పక్కనే కూర్చున్నారు. సాయంత్రానికి జాడీలోంచి పుల్లటి వాసన తగిలింది. ఇంకాస్త ఆలస్యమైతే తేనంతా వెనిగరే. సోమయాజులు గారు బజారుకు పరుగెత్తి, గాజు తొట్టె, రెండు ఎర్ర చేపలు తెచ్చారు. ఆవిడ దీపం పెట్టి వచ్చేలోగా నన్ను తొట్టెకు తగిలించి, జాడీకి మూత బిగించి, బయటి గాలి చొరబడకుండా అందులోంచి సన్నని గొట్టం నీళ్ళ గ్లాసులోకి పెట్టారు.

"జాడీలో ఉన్నవి ఇవేనా? అంత పిండీ ఎక్కడ దాచుకున్నాయండీ?"

"అరిగిపోయిందండీ."

నమ్మారు. అంతలో గ్లాసులో బుడుక్కుమంది. నా గాలి లేకుండానే బుడగ! వెంటనే ఇంకొకటి.

"అయ్యో, ఒకటి లోపలే ఉండిపోయింది!" ఆవిడ మూత పట్టుకున్నారు.

సోమయాజులు గారు చేతులు జోడించారు. "తీయకండి అత్తయ్య గారూ. అందులో చేపల్లేవు. ఎప్పుడూ లేవు. అది మద్యమండీ."

ఆవిడ మూత వదలకుండానే గ్లాసు మీదికి వంగి బుడగల్ని చూశారు.

"మద్యమే అనుకోండి. మరి లోపల ఊపిరి తీస్తున్నదెవరు?"

ఆవిడ మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"ఎవరైతేనేం, ఉండనివ్వండి."

ఇప్పుడు నేను నిజం చేపలకే ఊదుతున్నాను. అయినా నా ధ్యాసంతా పక్కనున్న జాడీ మీదే. నేను లేకుండా బతకడం దానికి ఎవరు నేర్పారు?